స్వర్గానికి షరతులు వర్తిస్తాయి

కరీబియన్ దీవుల్లో విలాసవంతమైన బీచ్ రిసార్టు బుక్ చేసే ముందు బ్రోచరులోని ఫొటోలు పక్కనపెట్టి దీవి పటం, కేలెండరు, పాస్‌పోర్టు చూసుకోవాలి. ఆ ఇసుక మీద హక్కు ఎవరిదో కూడా కనుక్కోవాలి

2024 జూన్ 29. బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో బౌండరీ తాడు అంచున సూర్యకుమార్ యాదవ్ పట్టిన క్యాచ్‌తో టి20 ప్రపంచకప్ భారత్ చేతికి చిక్కినట్టయింది. ఒకటి రెండు రోజుల్లో కప్పుతో విమానం ఎక్కాల్సిన జట్టు మాత్రం హోటల్ గదులకే పరిమితమైపోయింది. బెరిల్ తుపాను ముంచుకొస్తోందని అక్కడి విమానాశ్రయాన్ని మూసేశారు. చివరికి ప్రత్యేక విమానం వెళ్లి తీసుకొస్తే, జులై 4 ఉదయానికి ఆటగాళ్లు ఢిల్లీలో దిగారు. టీవీల ముందు కూర్చున్న కోట్లాది భారతీయులకు కరీబియన్ బీచ్ సెలవు ఎలా తలకిందులవుతుందో ఆ నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది.

నిజానికి బార్బడోస్‌ది అదృష్టం. తుపాను దాన్ని పక్కనుంచి ఒరుసుకుని పోయిందంతే. జులై 1న బెరిల్ తన ప్రతాపమంతా గ్రెనడాకు చెందిన కారియకూ దీవి మీద, సెయింట్ విన్సెంట్‌కు చెందిన యూనియన్ దీవి మీద చూపింది. అక్కడ పైకప్పు మిగిలిన ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. బార్బడోస్‌కూ కారియకూకూ మధ్య హైదరాబాద్ నుంచి విజయవాడకున్నంత దూరం కూడా లేదు. ఒకచోట కప్పు గెలిచిన కుర్రాళ్లు విసుగ్గా కిటికీలోంచి వాన చూస్తున్నారు. ఇంకోచోట జనం రేకుల కోసం వెతుక్కుంటున్నారు. ట్రావెల్ ఏజెంట్ల బ్రోచర్లలో మాత్రం రెండింటికీ ఒకటే ఫొటో ఉంటుంది: వంగిన కొబ్బరిచెట్టు, తెల్లటి ఇసుక, నీలం నీళ్లు, ఊయల.

చిక్కంతా ఆ ఫొటోతోనే. ‘కరీబియన్’ అనేది ఒక ఊరో ఒక దేశమో కాదు. డజనుకు పైగా స్వతంత్ర దేశాలు, వాటితోపాటు బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, అమెరికాల ఏలుబడిలోని దీవులు కలిస్తే అది. దేని చట్టం దానిది, దేని వీసా దానిది, దేని గాలి దానిది. అయినా చాలామంది రిసార్టు పేరు, నక్షత్రాల సంఖ్య, ఈతకొలను సైజు చూసి డబ్బు కట్టేస్తారు. తీరా వెళ్లాక సముద్రంలో దిగడానికి వీల్లేదని తెలిసి, ఆ కొలను దగ్గరే వారం గడిపి తిరిగొస్తారు.

గాలి ఎటు వీస్తుంది?

ఈ దీవుల మీద ఏడాది పొడవునా తూర్పు నుంచి గాలి వీస్తుంది. ఒకప్పుడు తెరచాప ఓడలను ఐరోపా, ఆఫ్రికా తీరాల నుంచి ఇటు నెట్టుకొచ్చిన గాలే అది. అందువల్ల దాదాపు ప్రతి దీవికీ రెండు ముఖాలు. తూర్పు ముఖం అట్లాంటిక్ కెరటాల దెబ్బ తింటుంది. పడమటి ముఖం గాలి మరుగున ప్రశాంతంగా ఉంటుంది. బార్బడోస్ పొడవు 34 కిలోమీటర్లే. తూర్పున బాత్‌షెబా దగ్గర అలలు సర్ఫింగ్ చేసేవాళ్లను ఎగరేసి కొడతాయి. మామూలు మనిషి అక్కడ ఈతకు దిగితే ప్రాణాలతో చెలగాటమే. కారులో ఓ గంట లోపు ప్రయాణించి పడమటి వైపు సెయింట్ జేమ్స్‌కు వస్తే, నీళ్లు చెరువులా ఉంటాయి. ‘ప్లాటినం కోస్ట్’ అని ముద్దుగా పిలుచుకునే ఆ తీరంలోనే 1961లో శాండీ లేన్ హోటల్ వెలిసింది. పడగొట్టి మళ్లీ కట్టి 2001లో తెరిచారు. 2004లో టైగర్ వుడ్స్ పెళ్లి జరిగింది అక్కడే. ఆ దీవిలో అత్యంత ఖరీదైన గదులు ఎటువైపు ఉన్నాయో చూస్తే గాలి లెక్క దానంతటదే అర్థమవుతుంది.

2011 నుంచి ఈ లెక్కలోకి మరో అంశం వచ్చి చేరింది: సర్గాసం. నీటి మీద తేలే గోధుమరంగు సముద్రపు నాచు ఇది. ఆఫ్రికా వైపు నుంచి కరీబియన్ దాకా వేల కిలోమీటర్ల పొడవున పట్టీలా పరుచుకుని, ఏటా ఎండాకాలంలో ఒడ్డుకు కొట్టుకొస్తుంది. నడి సముద్రంలో ఉన్నంతసేపూ చేపలకు, తాబేళ్లకు నీడ. ఒడ్డున కుప్పలుగా పడి కుళ్లితే మాత్రం కుళ్లిన కోడిగుడ్ల వాసన. పెద్ద రిసార్టులు తెల్లవారకముందే ట్రాక్టర్లతో ఎత్తి పోయిస్తాయి, సముద్రంలో అడ్డు వలలు కట్టిస్తాయి. అయినా కొన్ని వారాలు ఓడిపోతూనే ఉంటాయి. 2025లో ఈ నాచు పరిమాణం అంతకుముందున్న రికార్డులన్నిటినీ దాటేసింది. ఎక్కువగా దెబ్బతినేది తూర్పు, దక్షిణ ముఖాలే. డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాది సరిగ్గా తూర్పు ముఖం. అక్కడ చవగ్గా దొరికే ఏప్రిల్-ఆగస్టు ప్యాకేజీల చవకతనానికి ఇదీ ఒక కారణం. ఏజెంటు ఆ మాట చెప్పడు. రిసార్టు బీచ్‌ను గత వారంలో తీసిన ఫొటో పంపమని అడగండి. పంపితే సరే, పంపకపోతే అదీ ఒక జవాబే.

సీజను మాటా అంతే. డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా పొడి వాతావరణం, ధరలకు రెక్కలు. క్రిస్మస్-నూతన సంవత్సరం వారంలోనైతే కనీసం ఏడు రాత్రులో, పది రాత్రులో ఉంటేనే గది ఇస్తామనే హోటళ్లుంటాయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపాన్ల కాలం, ఆగస్టు చివర నుంచి అక్టోబర్ దాకా గండం ఎక్కువ. దక్షిణాన వెనెజులా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బొనైర్, క్యూరసావ్ దీవులు చాలావరకు తుపాన్ల దారికి అవతల ఉంటాయి. సెప్టెంబర్‌లో తప్ప సెలవు దొరకని వాళ్లకు అరూబాలోని ఈగిల్ బీచ్ ఉండనే ఉంది. పచ్చదనం మాత్రం ఆశించొద్దు, అది ముళ్లపొదలూ బ్రహ్మజెముడూ పెరిగే ఎండు దీవి.

మిగతా దీవులకు ఆ నెలల్లో వెళ్లదలిస్తే ప్రయాణ బీమా ముందే తీసుకోవాలి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు పనికిరాదు. 2025 అక్టోబర్ 28న మెలిస్సా తుపాను గంటకు 295 కిలోమీటర్ల గాలులతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది. ఆ దేశాన్ని తాకినట్టు నమోదైన తుపాన్లలో ఇంత తీవ్రమైంది లేదు. పశ్చిమ జమైకా అంటే మాంటెగో బే, నెగ్రిల్ రిసార్టులున్న ప్రాంతం. కొన్ని హోటళ్లు వారాల్లో తేరుకున్నాయి, మరికొన్నిటికి నెలలు పట్టింది. ఇలాంటి చోట ‘తెరిచే ఉంది’ అన్న ఒక్కమాట చాలదు. ఏ బ్లాకు తెరిచారు, ఎన్ని రెస్టారెంట్లు నడుస్తున్నాయి, పక్కన డ్రిల్లింగ్ మెషిన్ల మోత ఉందా అన్నవి అడిగి రాయించుకోవాలి.

గోడకు ఇటు, గోడకు అటు

జమైకా అనగానే ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ గుర్తొస్తుంది. గది, తిండి, మద్యం, ఆటలు, టిప్పులు అన్నిటికీ కలిపి ఒకే బిల్లు. ఈ పద్ధతిని 1950లో క్లబ్ మెడ్ స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గుడారాలతో మొదలుపెట్టింది. దాన్ని విలాసంగా మార్చింది మాత్రం జమైకా. 1970ల్లో ఆ దేశం రాజకీయ హింసతో అట్టుడికింది. పర్యాటకులు హోటల్ గేటు దాటాలంటే భయపడ్డారు. గేటు దాటాల్సిన అవసరమే లేకుండా చేస్తే పోలేదా అనుకున్నారు హోటల్ యజమానులు. 1978లో జంటల కోసమే ఓచో రియోస్‌లో కపుల్స్ రిసార్టు వచ్చింది. 1981లో బుచ్ స్టీవర్ట్ అనే జమైకా వ్యాపారి మాంటెగో బేలో ఓ పాత హోటల్ కొని శాండల్స్‌గా మార్చాడు. భయంలోంచి పుట్టిన ఆ నమూనా తర్వాత సెయింట్ లూసియా, ఆంటిగ్వా, బహామాస్, బార్బడోస్‌లకు పాకింది.

దీనివల్ల అతిథికి సుఖమే. చిన్నపిల్లలతోనో, వయసు మళ్లిన అమ్మానాన్నలతోనో వెళ్లేవారికి పూటపూటా ధరల పట్టిక చూసుకునే బాధ తప్పుతుంది. పైసా పైసా లెక్క చూసే మన నాన్నగారికి బిల్లే కనిపించని రెస్టారెంటు కన్నా గొప్ప వైద్యం లేదు. కానీ ఓ చిన్న లెక్క ఉంది. ఆల్ ఇన్‌క్లూజివ్ ధరలో మద్యానికి పెద్ద వాటా ఉంటుంది. మందు ముట్టని శాకాహార కుటుంబం పక్క బల్ల మీది రమ్ముకూ ఎండ్రొయ్యకూ కూడా డబ్బు కడుతోందన్నమాట. అలాంటివారికి గదికి మాత్రమే అద్దె కట్టి, తినే చోట తినడం చాలా దీవుల్లో లాభం. ధర చూసేటప్పుడు పన్నులు, సర్వీస్ చార్జీ కలిశాయో లేదో కూడా చూడాలి. కలవకపోతే బిల్లు ఐదో వంతు దాకా పెరగొచ్చు.

తిండికి భయపడాల్సిన పని లేదు. జమైకాలో ‘కలలూ’ అని ఉప్పు చేపతో వండేది మన తోటకూరే. చేప వద్దంటే విడిగా వేయించి ఇస్తారు. సీమపనస కాయను నిప్పుల మీద కాల్చి పెడతారు. బానిసలకు చవకైన తిండిగా ఉంటుందని 1793లో కెప్టెన్ బ్లై తహితీ నుంచి ఓడలో తెచ్చిన మొక్కల సంతానమది. రాస్తఫారియన్లు వండే ‘ఐటల్’ భోజనంలో మాంసం ఉండదు. చాలామందైతే ఉప్పు కూడా వేయరు. మేక మాంసం కూర, రోటీ మాత్రం మనవాళ్లతో వెళ్లినవి. 1845 నుంచి 1917 దాకా 36 వేల మందికి పైగా భారతీయులు చెరకు తోటల్లో కూలీలుగా జమైకాలో దిగారు. ఇవాళ్టి అనేక రిసార్టులు నిలిచింది ఆనాటి చెరకు ఎస్టేట్ల నేల మీదే. అంటే బఫేలో ‘కర్రీ గోట్’ ఉండడం వెనక హోటల్ షెఫ్ ఘనత ఏమీ లేదు.

ఇక గోడ సంగతి. జమైకాలో 1956 నాటి బీచ్ నియంత్రణ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దేశానికి స్వాతంత్య్రం రావడానికి ఆరేళ్ల ముందు, వలస పాలనలో చేసిన చట్టమిది. దాని ప్రకారం తీరపు నేల ప్రభుత్వానిది. దాని మీద నడవడానికో, ఈత కొట్టడానికో పౌరుడికి సాధారణ హక్కంటూ లేదు. వాణిజ్యానికి వాడుకోవాలంటే లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్నవారు ఎక్కువగా హోటళ్లవారే. ఫలితంగా ఉత్తర తీరంలో మైళ్లకొద్దీ ఇసుకను రిసార్టులు కంచె వేసుకున్నాయి. తాతముత్తాతల కాలం నుంచి ఈతకు వెళ్లిన చోటికి ఇప్పుడు ఊరివాళ్లు టికెట్ కొని వెళ్లాలి, లేదా అసలు వెళ్లకూడదు. జాబెమ్ అనే పౌర ఉద్యమ సంస్థ దీనిపై కోర్టుల్లో పోరాడుతోంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఎదురుగా ఎంత పెద్ద హోటలున్నా పిడతకింద పప్పు అమ్మేవాణ్ని పొమ్మనేవాడెవడూ ఉండడు. అలాంటి తీరం నుంచి వెళ్లిన మనకు ఆ కంచె విడ్డూరంగా కనిపించాలి. కనిపించకపోవడానికి కారణం, మనం దానికి లోపలి వైపు ఉండడమే.

బార్బడోస్‌లో సంగతి వేరు. అక్కడ బీచ్‌లన్నీ ప్రజలవే. శాండీ లేన్ ముందున్న ఇసుక మీద రాత్రికి వేలాది డాలర్లు కట్టినవాడూ, బ్రిడ్జ్‌టౌన్ నుంచి షేర్ వ్యానులో వచ్చిన కుర్రాడూ పక్కపక్కనే తువాలు పరుచుకోవచ్చు. మడత కుర్చీ, గొడుగు హోటల్‌వి, ఇసుక కాదు. అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనీ కాదు. పడమటి తీరంలో విల్లాలు గోడకు గోడ ఆనించి కట్టడంతో బీచ్‌కు వెళ్లే సందులు, రోడ్డు మీంచి సముద్రం కనిపించే ఖాళీలు ఏటికేడు తగ్గిపోతున్నాయని స్థానికుల ఫిర్యాదు. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, దారి కూడా ఉండాలి కదా.

ఆంటిగ్వా పక్కనున్న చిన్న దీవి బార్బుడా కథ ఇంకా ఘాటైంది. బానిసత్వం రద్దయినప్పటి నుంచీ అక్కడి నేలంతా ఊరుమ్మడి. ఎవరూ కొనడానికీ, అమ్మడానికీ వీలుండేది కాదు. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను దీవిని నేలమట్టం చేసింది. జనాన్నందరినీ ఖాళీ చేయించి ఆంటిగ్వాకు తరలించారు. వాళ్లు తిరిగొచ్చేలోపే కొత్త విమానాశ్రయం కోసం యంత్రాలు నేల చదును చేస్తున్నాయి, ఉమ్మడి భూమి చట్టాన్ని మార్చే పని మొదలైంది. నటుడు రాబర్ట్ డి నీరో భాగస్వామిగా ఉన్న నోబు రిసార్టు, కోటీశ్వరుల కోసం గోల్ఫ్ మైదానంతో సహా కట్టే విల్లాలు ఆ నేల మీదివే. వ్యాజ్యాలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. విమానాశ్రయ అనుమతిని కోర్టులో ప్రశ్నించే హక్కు స్థానికులకు ఉందని 2024 ఫిబ్రవరిలో ఆ కౌన్సిల్ తేల్చింది. ‘మనుషుల అలికిడి లేని గులాబీ ఇసుక తీరం’ అని రాసినప్పుడు, ఆ అలికిడి ఎందుకు లేదో ఆలోచించాలి.

డబ్బు సంగతికొస్తే, పర్యాటకుడు పెట్టే ఖర్చులో పెద్ద భాగం దీవిలో నిలవదు. విమాన సంస్థ విదేశీ, హోటల్ గొలుసు విదేశీ, మాంసం, వెన్న, ద్రాక్షసారా దిగుమతి. ఇలా బయటికి కారిపోయే వాటా కరీబియన్‌లో 80 శాతం దాకా, భారత్‌లో 40 శాతం దాకా ఉంటుందన్న అంచనాను ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చాలాకాలంగా ఉదహరిస్తోంది. దీవిని బట్టి, హోటల్‌ను బట్టి ఇది మారుతుంది. కూరగాయలు చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనే రిసార్టులూ ఉన్నాయి. అతిథి చేతిలో ఉన్నదల్లా, వారంలో రెండు మూడు పూటలైనా గేటు దాటి తినడం. బార్బడోస్‌లో శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్ రేవులో చేపలు కాల్చే చోటు దగ్గర కూర్చుంటే డబ్బు నేరుగా వండిన మనిషి చేతికే పోతుంది. రుచి కూడా హోటల్ డైనింగ్ హాల్లో దొరకదు. 2024 నవంబర్‌లో జమైకా ఉత్తర తీరంలో పలు పెద్ద హోటళ్ల సిబ్బంది జీతాల కోసం పనులు ఆపి రోడ్డెక్కారు. ‘టిప్పులు ఇవ్వనక్కర్లేదు’ అన్నది అతిథికి తీపి కబురే, గది ఊడ్చే మనిషికి కాకపోవచ్చు.

జంటకొకటి, కుటుంబానికొకటి

కొత్త జంటలకు సెయింట్ లూసియాను సిఫారసు చేయని ఏజెంటు ఉండడు. అందులో అబద్ధమేమీ లేదు. సముద్రంలోంచి జంటగా లేచిన పీటాన్ శిఖరాలను 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటికెదురుగా కొండ మీద 2006లో తెరిచిన జేడ్ మౌంటెన్‌లో గదులకు నాలుగో గోడ ఉండదు, ఆ వైపంతా ఆకాశమే. సీజన్లో రాత్రికి వెయ్యి డాలర్ల పైమాటే, అంటే సుమారు 90 వేల రూపాయలు. కానీ అది బీచ్ రిసార్టు అనుకుంటే పొరపాటు. ఇసుక కావాలంటే కొండ దిగాలి. పైగా అగ్నిపర్వతపు దీవి కావడంతో ఆ వైపు ఇసుక నల్లగా ఉంటుంది. రెండు శిఖరాల మధ్యనున్న షుగర్ బీచ్ రిసార్టులో కనిపించే తెల్లటి ఇసుకను గయానా నుంచి ఓడల్లో తెచ్చి పోశారు. 1980ల చివర్లో అక్కడ హోటల్ కట్టడాన్నే తీవ్రంగా వ్యతిరేకించిన వారిలో కవి డెరెక్ వాల్కాట్ ఒకరు. ఆయన ఆ దీవి బిడ్డ, 1992లో నోబెల్ అందుకున్నారు. హోటల్ వచ్చింది, నిలిచింది. అందం కోసం వెళ్లే వాళ్లు వెళ్లవచ్చు. పిల్లలు ఇసుక గూళ్లు కట్టుకోవాలంటే మాత్రం వేరే దీవి చూసుకోవడం మంచిది. మరో మాట, పెద్ద విమానాలు దిగే హెవనోరా విమానాశ్రయం దక్షిణ కొసన ఉంది. ఉత్తరాన గది తీసుకుంటే వంకర్ల కొండదారిలో గంటన్నర ప్రయాణం.

పిల్లల ఇసుక గూళ్లకైతే ఆంగ్విలా. 91 చదరపు కిలోమీటర్ల సున్నపురాతి దీవి, కొండల్లేవు, వాగుల్లేవు, పిండిలాంటి ఇసుకతో 33 బీచ్‌లు. మాండేస్ బేలోని కాప్ జులూకా, మలీవానా, ఫోర్ సీజన్స్, దేన్ని ఎంచుకున్నా పెద్ద తేడా పడదు. ఎందుకంటే అన్నిటిలోనూ గొప్పది సముద్రమే. గదుల ధరలు కళ్లు తిరిగేవే. 2021 దాకా ఇక్కడికి రావాలంటే పక్కనున్న సెయింట్ మార్టిన్‌లో దిగి పడవెక్కడమే ప్రధాన మార్గం. ఆ ఏడాది డిసెంబర్‌లో మయామీ నుంచి నేరుగా జెట్ విమానాలు మొదలయ్యాయి. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఈ దీవికి తెలియకుండానే కప్పం కడుతున్నారు. కృత్రిమ మేధ కంపెనీలు ఎగబడి కొనే ‘డాట్ ఏఐ’ అనే ఇంటర్నెట్ చిరునామా ఆంగ్విలా సొంతం. 2023లో దానిమీద వచ్చిన సొమ్ము దాదాపు 3.2 కోట్ల డాలర్లు, ప్రభుత్వ రాబడిలో ఐదో వంతు. టూరిస్టుల మీదే బతికే దీవికి తుపాను దెబ్బ తగలని మరో ఆదాయం దొరకడమంటే మాటలు కాదు.

వీసా స్టాంపు గండం

హైదరాబాద్ నుంచి కరీబియన్‌కు నేరు విమానం లేదు. లండన్ మీదుగా వెళితే అక్కడి నుంచి బార్బడోస్‌కు మరో తొమ్మిది గంటలు. అంతా కలిపితే ఓ రోజు పైనే. భారత పాస్‌పోర్టుతో బార్బడోస్, జమైకాలకు ముందస్తు వీసా అక్కర్లేదన్నది సంతోషమే. కానీ దారి మధ్యలో ఉంది తంటా. అమెరికా మీదుగా వెళితే విమానం మారడానికి కూడా వీసా కావాలి. లండన్‌లో హీత్రో దిగి గాట్విక్‌లో మరో విమానం ఎక్కాల్సొస్తే బ్రిటన్‌లోకి ప్రవేశించినట్టే లెక్క. కరీబియన్ విమానాలు కొన్ని గాట్విక్ నుంచి బయల్దేరతాయి. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆయా దేశాల అధికారిక సమాచారమే చూసుకోవాలి. ఇంత దూరం కేవలం ఇసుక కోసమే అయితే మాల్దీవులో అండమానో చాలు. కరీబియన్ నిజంగా అందుబాటులో ఉన్నది అమెరికాలోని తెలుగువారికి. మయామీ నుంచి మాంటెగో బేకు రెండు గంటలైనా పట్టదు.

వాళ్లకు ఉన్న గండం వేరే. హెచ్-1బి మీద పనిచేసే ఇంజనీరు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటుంది. ఐ-94 చెల్లుబాటులో ఉంటే స్టాంపు లేకుండానే కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావొచ్చు. ఈ వెసులుబాటు సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ‘పక్క దీవులకు’ కూడా అది వర్తిస్తుందని ఎక్కడో చదివి జమైకాకు టికెట్లు కొనేస్తారు. వర్తించేది ఎఫ్, జె వీసాల వారికి మాత్రమే. అంటే యూనివర్సిటీలో చదివే తమ్ముడు బార్బడోస్ వెళ్లి తిరిగి రావచ్చు, ఉద్యోగం చేసే అన్నయ్య అక్కడే ఇరుక్కుపోతాడు. ఆ దీవిలోనే కాన్సులేట్‌లో స్టాంపు వేయించుకుందామన్నా కష్టమే. సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబర్‌లో అమెరికా నిబంధన బిగించింది. ఏ నక్షత్రాల హోటలూ ఈ కష్టం తీర్చలేదు. వీసా విషయంలో ఏ మాత్రం అనుమానమున్నా బుకింగ్‌కు ముందే లాయరును అడగడం చవక.

స్టాంపు లేనివారికి దారి మూసుకుపోయిందా అంటే, లేదు. ప్యూర్టో రికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ రెండూ అమెరికా భూభాగాలే. అక్కడికి వెళితే దేశం దాటినట్టు కాదు. వర్జిన్ ఐలాండ్స్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మాత్రం విమానాశ్రయంలో పత్రాలు తనిఖీ చేస్తారు కాబట్టి పాస్‌పోర్టు, ఐ-797 వెంట ఉండాలి. ప్యూర్టో రికోలోని డొరాడో బీచ్‌లో 1958లో లారెన్స్ రాక్‌ఫెల్లర్ కట్టిన రిసార్టు ఉంది. 2012 నుంచి రిట్జ్-కార్ల్‌టన్ నిర్వహణలో నడుస్తోంది, ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే. సెయింట్ థామస్ తూర్పు కొసన అదే సంస్థకు మరో రిసార్టు ఉంది. 2017 తుపాన్లకు దెబ్బతిని రెండేళ్లకు తెరుచుకుంది. రెండుచోట్లా బీచ్‌లు చట్టప్రకారం ప్రజలవే.

సెయింట్ థామస్ నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు వెళితే సెయింట్ జాన్. రాక్‌ఫెల్లర్ ఈ దీవిలో వేల ఎకరాలు కొని 1956లో జాతీయ పార్కు కోసం ఇచ్చేశాడు. అదే ఏడాది కనీల్ బే అనే రిసార్టు తెరిచాడు. గదుల్లో టీవీ లేదు, ఫోన్ లేదు. డబ్బున్నవాళ్లు ఆ లేమి కోసమే దశాబ్దాల పాటు క్యూ కట్టారు. 2017లో ఇర్మా దాన్ని శిథిలం చేసింది. మళ్లీ కట్టలేదు. 2023 సెప్టెంబర్‌లో ఒప్పందం గడువు ముగిసి ఆ నేల పార్కుకు దఖలు పడింది. పక్కనే హనీమూన్ బీచ్ ఉంది. క్రూజ్ బే ఊరి నుంచి అడవి దారిలో మైలు దూరం నడిస్తే వస్తుంది. నడకకు టికెట్ లేదు. మంచినీళ్లు, చెప్పులు, పిల్లలకు టోపీలు తీసుకెళ్లాలి.